డెస్క్‌టాప్‌కు వైఫై కలుపుట: గృహస్థుల కరదీపిక

కావలసినవి

డెస్క్‌టాప్ కంప్యూటరును ఇంటి వైఫైకి కలపడానికి పట్టే కాలంలో రెండు భాగాలుంటాయి. యంత్రాలకు పట్టేది కొన్ని సెకన్లు. మనుషులకు పట్టేది ఇంటిని బట్టి మారుతుంది: పాస్‌వర్డు తెలిసినవారు ఎవరు, వారు ప్రస్తుతం ఏ దేశంలో ఉన్నారు, అక్కడ ఇప్పుడు పగలా రాత్రా అన్నవి లెక్కలోకి వస్తాయి. పనికి కావలసినవి అయిదు: నెట్ వస్తున్న రూటరు, వైఫై అందుకునే అడాప్టరు, ఆ అడాప్టరును కంప్యూటరుకు పరిచయం చేసే డ్రైవరు, నెట్‌వర్కు పేరు, దాని పాస్‌వర్డు. మొదటి మూడూ డబ్బిస్తే దొరుకుతాయి. నాలుగోది తెర మీద దానంతటదే కనిపిస్తుంది. అయిదోదాని కోసమే ఇల్లంతా తిరగాలి.

డెస్క్‌టాప్ ఇంట్లో ఇంకా ఎందుకుందన్న ప్రశ్నకు ప్రతి ఇంటా సమాధానం సిద్ధంగా ఉంటుంది. అను ఫాంట్లలో కొట్టిన కాలనీ సంఘం సావనీరు, ఇంటి లోను లెక్కలు, అబ్బాయి ఇంజనీరింగు ప్రాజెక్టు, అమ్మాయి పెళ్లి ఫొటోలు అందులో ఉన్నాయి. వాటిని తెరిచి చూసినవారెవరూ లేరు. పారేద్దామన్నవారికి మాత్రం ఆ పూట భోజనం దగ్గర మర్యాద తగ్గుతుంది.

షాపులో విడిభాగాలు బిగించి ఇచ్చిన డెస్క్‌టాప్‌లలో చాలావాటికి వైఫై అడాప్టరు ఉండదు. వెనకవైపు నెట్ కేబులు దూర్చే సాకెట్టు మాత్రం ఉంటుంది. సాంకేతికంగా చూస్తే ఆ సాకెట్టుకు కేబులు తగిలించడమే అన్నిటికన్నా మేలైన పద్ధతి. కేబులు పాస్‌వర్డు అడగదు, గోడలను లెక్కచేయదు, వంద మీటర్ల దాకా వేగం తగ్గించదు. అయినా ఆ పద్ధతి ఎక్కువ ఇళ్లలో అమలుకాదు. హాల్లోంచి పడకగదికి కేబులు పోవాలంటే నిరుడు రంగులు వేయించిన గోడకు రంధ్రం పెట్టాలి, లేదా గుమ్మానికి అడ్డంగా నేల మీద పరచాలి. మొదటిదానికి ఇల్లాలు ఒప్పుకోదు. రెండోదానికి, తట్టుకుని పడిన మొదటి మనిషి ఒప్పుకోడు. అద్దె ఇల్లయితే మేకు కొట్టడానికే ఓనరుగారిని అడగాలి. కనుక వైరు లేని మార్గం తప్పదు.

రూటరు స్థానం

వైఫై ఒక రేడియో తరంగం. ఐఈఈఈ సంస్థ 1997లో 802.11 పేరుతో తొలి ప్రమాణం వెలువరించినప్పుడు దాని వేగం సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లు. 1999లో అది 11కు, 2003లో 54కు పెరిగింది. ఇప్పుడు ఇళ్లలో వందల్లో ఉంది. ఎక్కువ రూటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పట్టీల మీద పనిచేస్తాయి. మన దేశంలో 2.4 పట్టీకి, నిర్ణీత శక్తికి లోబడి, 2005 జనవరిలో లైసెన్సు తీసేశారు. కాబట్టి హాల్లో రూటరు పెట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు. ఇంట్లోవారి అనుమతి ఒక్కటే మిగిలింది.

పుస్తకం ప్రకారం రూటరును ఇంటి నడుమ, నాలుగైదు అడుగుల ఎత్తున, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టాలి. ఆచరణలో అది నెట్ అబ్బాయి తెచ్చిన ఫైబరు ఎక్కడిదాకా అందితే అక్కడ ఉంటుంది: వెంటిలేటరు పక్కన మేకుకు, టీవీ వెనక సందులో, లేదా అటక మీద పాత సూట్‌కేసుల మధ్య. కొన్ని ఇళ్లలో దుమ్ము పడకుండా దానికి కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతారు. గుడ్డ తరంగాలను పెద్దగా ఆపదు. రూటరును వేడెక్కించి మాత్రం నీరసపరుస్తుంది.

తరంగాలను నిజంగా ఆపేవి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం కన్నా తక్కువ. వేగం రెండోదానిదే ఎక్కువ అయినా, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు దాటడంలో మొదటిదే గట్టిది. ఇనప బీరువాకు తగిలితే తరంగం వెనక్కి తిరుగుతుంది. బీరువా తలుపుకున్న నిలువుటద్దం వెనక పూతా లోహమే కనుక అక్కడా దారి లేదు. నీళ్ల డ్రమ్ము తరంగాన్ని తాగేస్తుంది. మనుషుల శరీరంలోనూ నీరే ఎక్కువ కనుక, చుట్టాలు నిండిన ఇంట్లో నెట్ నెమ్మదించడానికి వారి ఫోన్లతోపాటు వారు కూడా కొంత కారణం. ఈ సంగతి చుట్టాలకు చెప్పనక్కర్లేదు.

వాస్తు శాస్త్రం రాసిన కాలానికి రూటరు లేదు. అందువల్ల దానికి మూల కేటాయించే బాధ్యత ఇంటి పెద్దల మీద పడింది. కరెంటు మీటరుకు ఆగ్నేయం మంచిదనేవారు రూటరునూ ఆగ్నేయానికే పంపుతారు. ఆగ్నేయంలో వంటిల్లు ఉంటుంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా వైఫై తిరిగే పట్టీలోనే. ఫలితంగా సాంబారు వేడెక్కేంతసేపూ సీరియల్ ఆగిపోతుంది.

అపార్టుమెంట్లలో మరో చిక్కుంది. 2.4 పట్టీలో చానళ్లు 13 ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 మూడే. అంతస్తుకు నాలుగేసి ఫ్లాట్లున్న చోట ఈ మూడింటి కోసం జరిగే తోపులాట కార్లు నిలిపే స్థలం గొడవను మించినది. అది కంటికి కనిపించదు కాబట్టే సంఘం మీటింగుల్లో చర్చకు రాలేదు.

అడాప్టరు, డ్రైవరు

అడాప్టర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మదర్‌బోర్డులోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటుకు బిగించే కార్డు; దాని యాంటెన్నాలు డబ్బా వెనక నుంచి పైకి లేచి ఉంటాయి. పనితనం దీనిదే మెరుగు. బిగించడానికి డబ్బా విప్పాలి, విప్పితే లోపలి దుమ్ము చూడాలి, చూశాక ఊరుకోలేరు. ఆ పని సాయంత్రం మొదలుపెడితే రాత్రి ఏ గంటకు ముగుస్తుందో చెప్పలేం. రెండోది యూఎస్‌బీ డాంగిల్. ఇందులో చిన్న రకం గోరంత ఉంటుంది; కొన్ని వందల రూపాయలకు వస్తుంది; ఒకసారి కింద పడితే మళ్లీ ఊడ్చేటప్పుడే దొరుకుతుంది.

డాంగిల్ కొనేటప్పుడు చూసుకోవలసినది అది ఏ పట్టీ అందుకుంటుందన్నది. చవక రకాలు 2.4 మాత్రమే అందుకుంటాయి. ఇంటి రూటరు రెండు పట్టీలకూ రెండు పేర్లు ప్రకటిస్తుంటే, చివర 5జీ తోక ఉన్న పేరు ఫోన్లలో కనిపించి డెస్క్‌టాప్‌లో కనిపించదు. దీన్ని చూసి కంప్యూటరు చెడిపోయిందనుకునేవారున్నారు. ఫోను కంపెనీ 5జీ టవరు తమ వీధికి ఇంకా రాలేదు కాబోలనుకునేవారూ ఉన్నారు. ఆ 5జీకీ ఈ 5కీ సంబంధం లేదు.

డాంగిల్‌ను డబ్బా వెనక దూర్చితే ఇనప డబ్బా దానికీ రూటరుకూ మధ్య గోడ అవుతుంది. ముందువైపు పోర్టు మేలు. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదికి తెచ్చి పెట్టుకుంటే ఇంకా మేలు. పక్కనే నీలి రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డు డిస్కు పనిచేస్తుంటే దాని నుంచి వెలువడే రేడియో రొద 2.4 పట్టీని చెదరగొడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే ఈ సంగతి రాసి ప్రకటించింది. అమ్మాయి పెళ్లి ఫొటోలు కాపీ అవుతున్నంతసేపు నెట్ సరిగా రాకపోతే అపశకునం కాదు.

ఇక డ్రైవరు. కొత్త విండోస్ చాలా డాంగిళ్లను చూడగానే గుర్తుపడుతుంది. గుర్తుపట్టని చోట డ్రైవరు విడిగా వేయాలి. దాన్ని డాంగిల్ తయారీదారు అట్టపెట్టెలో చిన్న సీడీ మీద ఇస్తాడు. సీడీ డ్రైవు ఈ కాలం కంప్యూటర్లలో ఉండదు. ఆ సంగతి తయారీదారుకూ తెలుసు గనుక, తాజా డ్రైవరు ఇంటర్నెట్ నుంచి దింపుకోవచ్చని సీడీ కవరు మీద ముద్రిస్తాడు. ఇంటర్నెట్ కోసం డ్రైవరు, డ్రైవరు కోసం ఇంటర్నెట్.

ఈ ముడి విప్పడానికి ఒక మార్గముంది. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు తీగతో కంప్యూటరుకు కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే ఫోనులోని నెట్ కంప్యూటరుకు వస్తుంది. తీగ డేటా మోసే రకమై ఉండాలి. ఇంట్లో ఉన్న ఏడెనిమిది తీగల్లో కొన్ని చార్జింగుకు తప్ప మరెందుకూ పనికిరావు, పైకి అన్నీ ఒకటే. ఫోను అప్పటికే ఇంటి వైఫైలో ఉంటే, ఫోను ద్వారా డెస్క్‌టాప్ కూడా ఈ క్షణాన ఇంటి వైఫైలోనే ఉన్నట్టు. చాలా ఇళ్లలో ప్రయత్నం ఇక్కడితో ఆగుతుంది. ఫోను మోగి, తీసుకుని అవతలి గదిలోకి వెళ్లిన మరుక్షణం మళ్లీ మొదలవుతుంది.

తాళం

ఇంటి వైఫైకి తాళం ఎందుకన్నది ఒకప్పుడు ఎవరికీ తట్టని ప్రశ్న. 2008 జులైలో అహ్మదాబాదు పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు చేరిన బెదిరింపు ఈ-మెయిల్ నవీ ముంబైలో ఒకరి ఇంటి వైఫై గుండా వెళ్లినట్టు దర్యాప్తులో తేలింది. పోలీసులు వెతుక్కుంటూ వెళ్లేది కనెక్షను ఎవరి పేరున ఉంటే వారి ఇంటికే. మన దేశంలో వైఫై తాళం గురించి పట్టింపు పెరగడానికి ఆ ఏడాది సంఘటనలు పెద్ద కారణం.

తాళాల్లో మొదటిది వెప్, 1997 నాటిది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రజ్ఞులు దాని లోపం బయటపెట్టారు. 2005లో అమెరికా ఎఫ్‌బీఐ అధికారులు ఒక సమావేశంలో దాన్ని మూడు నిమిషాల్లో తీసి చూపించారు. పది లేదా ఇరవైయారు అంకెలూ అక్షరాలూ ఉండే వెప్ కీని తప్పు లేకుండా కొట్టడానికి ఇంటి యజమానికి అంతకన్నా ఎక్కువ సేపే పట్టేది. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కావాలనుకునే ప్రతి కొత్త పరికరానికీ రెండోది తప్పనిసరి అయింది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. రూటరులో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచి పెడితే విండోస్ 7 నాటి కంప్యూటరు ఎంత సరైన పాస్‌వర్డు ఇచ్చినా లోపలికి రాలేదు. అలాంటి ఇంట్లో 2, 3 రెండూ ఒప్పుకునే మిశ్రమ పద్ధతి ఎంచుకోవాలి.

ఈ ఇరవయ్యేళ్ల కృషి ఫలితంగా, కిటికీ అవతల ల్యాప్‌టాప్‌తో పొంచి ఉన్న దొంగ ఇంటి వైఫైలోకి రావడం చాలా కష్టమైంది. లోపల సొంత కుర్చీలో కూర్చున్న యజమాని రావడమూ అంతే కష్టమైంది. తాళానికి ఇద్దరి మధ్య తేడా తెలియదు. తేడా అంతా ఇదే: దొంగ కాసేపటికి విసిగి వెళ్లిపోగలడు, యజమాని వెళ్లలేడు.

పాస్‌వర్డు అన్వేషణ

ముందు నెట్‌వర్కు పేరు తేల్చుకోవాలి. పేరుకు 32 బైట్లు మించకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చు గుర్తులూ పొల్లూ సహా ఒక్కొక్కదానికీ మూడేసి బైట్లు పడతాయి. ఇంటి గేటు మీద ఉన్నట్టే వైఫైకి ‘శ్రీనివాస నిలయం’ అని పెట్టాలనుకునేవారికి ‘శ్రీనివాస’ మాత్రం పడుతుంది, నిలయం బయటే ఉండిపోతుంది. అందుకే చాలా ఇళ్ల పేరు రూటరు కంపెనీ పెట్టినదే. పై ఫ్లాటు వాళ్లదీ అదే కంపెనీ అయితే చివరి నాలుగు అక్షరాలు చూసి ఏది సొంతమో పోల్చుకోవాలి. పోల్చుకోకుండా పై ఫ్లాటు నెట్‌వర్కుకు సొంత పాస్‌వర్డు కొడుతూ గంటలు గడిపే అవకాశం ఉంది.

పాస్‌వర్డు దొరికే చోట్లలో మొదటిది రూటరు అడుగున ఉండే స్టిక్కరు. రూటరు గోడకు బిగించి ఉంటే స్టిక్కరు గోడ వైపు తిరిగి ఉంటుంది. అక్షరాలు చీమల కన్నా చిన్నవి కనుక ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చదువుకోవాలి. ఇంత చేసి చదివిన పాస్‌వర్డు ఫ్యాక్టరీలో పెట్టినది. కనెక్షను ఇచ్చిన రోజునే నెట్ అబ్బాయి దాన్ని మార్చి ఉంటే అది చెల్లదు.

రెండో చోటు ఆ నెట్ అబ్బాయే. అతనికి ఫోను చేస్తే జవాబు వెంటనే వస్తుంది: “మీ ఫోన్ నంబరే పెట్టాను అంకుల్.” ఏ నంబరన్నది ఇంట్లో తేలాలి. కనెక్షను తీసుకున్న నాడు ఇచ్చినది అబ్బాయి పాత నంబరు కావచ్చు. అబ్బాయి అమెరికా వెళ్లాక ఆ నంబరు చేతులు మారి ఉండవచ్చు. అయినా పాస్‌వర్డుగా దాని చెల్లుబాటు పోదు.

పదంకెల మొబైల్ నంబరు పాస్‌వర్డుగా ఎంత గట్టిదో లెక్క వేయవచ్చు. మొదటి అంకె 6 నుంచి 9 వరకే కనుక మొత్తం అవకాశాలు 400 కోట్లు. సెకనుకు లక్షల్లో ప్రయత్నించగల గ్రాఫిక్స్ కార్డుకు ఇది కొన్ని గంటల పని. పక్కింటివారికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆ నంబరు ‘పక్కింటి అంకుల్’ పేరుతో వాళ్ల ఫోనులో ఎప్పటినుంచో ఉంది.

మూడో చోటు విదేశంలో ఉన్న సంతానం. తెనాలిలో తండ్రి, డాలస్‌లో కొడుకు అయితే ఇద్దరి గడియారాల మధ్య వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. ఈ సంభాషణలు దాదాపు ఒక పద్ధతిలో నడుస్తాయి.

“ఒరే, వైఫై పాస్‌వర్డు ఏం పెట్టావురా?”

“నేను పెట్టలేదు నాన్నా. నేనొచ్చినప్పుడు మీరే కదా చెప్పారు?”

“నాకు మీ అమ్మ చెప్పింది.”

“అమ్మకు ఎవరు చెప్పారు?”

“నువ్వే చెప్పావంటోంది.”

నాలుగో చోటు ఇప్పటికే వైఫైలో ఉన్న ఫోను. ఆండ్రాయిడ్ 10 నుంచి, కలిసి ఉన్న నెట్‌వర్కును క్యూఆర్ గళ్లుగా చూపించి పంచుకునే వీలుంది. డెస్క్‌టాప్‌కు కెమెరా ఉండదు కనుక ఆ గళ్లను దాని తెర ముందు ఎంతసేపు పట్టుకున్నా ప్రయోజనం లేదు. కానీ చాలా ఫోన్లలో గళ్ల కింద పాస్‌వర్డు అక్షరాల్లో కూడా కనిపిస్తుంది. నిజానికి అన్వేషణ ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ముగించవచ్చు. ఎవరూ అలా చేయరు.

అయిదో చోటు పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లవాడు. గోడ అవతల నుంచే చెబుతాడు: “మీ నంబరు వెనక నుంచి ముందుకు తాతయ్యా, చివర ఎట్ గుర్తు.” ఎలా తెలుసని అడగకూడదు. తాళం ఇన్నాళ్లూ ఎవరిని బయట ఉంచిందో ఈ దశలో తేలిపోతుంది.

ఏదీ ఫలించనప్పుడు రూటరు వెనక డబ్ల్యూపీఎస్ బొత్తాం చూడాలి. దాన్ని నొక్కి రెండు నిమిషాల లోపు కంప్యూటరులో నెట్‌వర్కు పేరు ఎంచుకుంటే పాస్‌వర్డు లేకుండానే కలుస్తుంది; రూటరులో ఆ సౌకర్యం తెరిచి ఉండాలి. రూటరు హాల్లో, కంప్యూటరు పడకగదిలో ఉంటే రెండు నిమిషాలు చాలు, దారిలో ఎవరూ పలకరించకపోతే. ఇదే పద్ధతిలో ఎనిమిదంకెల పిన్ను వాడే రకం కూడా ఉంది. అందులో 11,000 ప్రయత్నాల లోపే లోపలికి రావచ్చని 2011లో బయటపడింది కాబట్టి పిన్ను రకాన్ని ఆపేయడం మంచిది.

ఆ బొత్తాం పక్కనే సూది దూరేంత రంధ్రం ఒకటి ఉంటుంది. దాని జోలికి పోకూడదు. అందులో పుల్ల పెట్టి పది సెకన్లు నొక్కితే పాత పాస్‌వర్డు పోయి స్టిక్కరు మీదిది తిరిగి వస్తుంది. దానితోపాటు నెట్ కంపెనీ నింపిన లాగిన్ వివరాలు కూడా పోయే ప్రమాదముంది. అప్పుడు డెస్క్‌టాప్ వైఫైకి చక్కగా కలుస్తుంది, ఇంట్లో ఎవరికీ నెట్ రాదు.

కొట్టుట

పాస్‌వర్డు 8 నుంచి 63 గుర్తుల దాకా ఉండవచ్చు. తెర మీద అవి చుక్కలుగా పడతాయి. చివరనున్న కన్ను గుర్తు నొక్కి పట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి. వెనక ఎవరో నిలబడి చూస్తున్నారన్న భయంతో దాన్ని నొక్కనివారున్నారు. వెనక నిలబడినది సొంత భార్య, ఆమెకు పాస్‌వర్డు అక్కర్లేదు, కంప్యూటరు ముందు నుంచి ఆయన లేస్తే చాలు.

సున్నాకూ ఓకూ, ఒకటికీ చిన్న ఎల్‌కూ, పెద్ద ఐకీ తేడా చూసుకోవాలి. క్యాప్స్ లాక్ దీపం ఆరి ఉండాలి. సావనీరు కొట్టిన కంప్యూటరైతే కీబోర్డు తెలుగు మీద ఉండిపోయిందేమో గమనించాలి. అలా ఉండిపోతే ఎంత శ్రద్ధగా కొట్టినా పడేవి ఇంగ్లిషు అక్షరాలు కావు. ఫోనులో చెబుతూ కొట్టించేటప్పుడు బీ, డీ, పీ, టీ, వీ ఒకటిగానే వినిపిస్తాయి కనుక ఊళ్ల పేర్లు వాడాలి: బీ ఫర్ బాపట్ల, పీ ఫర్ పాలకొల్లు. డీకి ద్రాక్షారామమా ధర్మవరమా అన్న చర్చలోకి దిగకూడదు.

కలిసిన తరువాత

సరైన పాస్‌వర్డు పడ్డాక జరిగే పని యంత్రాలది, అందుకే త్వరగా అవుతుంది. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డునూ నెట్‌వర్కు పేరునూ కలిపి 4,096 సార్లు మథించి ఒక మూల కీ తయారుచేస్తారు. తరువాత రూటరు ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది, కంప్యూటరు మరొకటి పంపుతుంది. మూల కీతో ఈ రెండు సంఖ్యలను కలిపి ఇరువైపులా విడివిడిగా ఒకే తాత్కాలిక కీ పుట్టిస్తాయి. నాలుగు సందేశాల్లో ఒప్పందం ముగుస్తుంది. ఇందులో ఎక్కడా పాస్‌వర్డు గాల్లోకి వెళ్లదు. హాల్లోంచి పడకగదికి అరిచి చెప్పినప్పుడు ఒక్కసారే వెళ్లింది.

తరువాత రూటరు కంప్యూటరుకు ఒక ఇంటి చిరునామా ఇస్తుంది. సాధారణంగా అది 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే రూటరు ఏమీ ఇవ్వలేదని, కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. చిరునామా అందాక విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వరు నుంచి చిన్న ఫైలు ఒకటి తెప్పించుకుని చూస్తుంది. అది రాకపోతే ‘నెట్ లేదు, సురక్షితం’ అనే అర్థం వచ్చే మాట ఇంగ్లిషులో చూపిస్తుంది. పెళ్లివారిని విడిదిలో దించారు గాని వంట ఇంకా పొయ్యి ఎక్కలేదన్నమాట. తప్పు పాస్‌వర్డుది కాదు; దాన్ని మళ్లీ కొట్టడం వృథా.

నెట్ రానప్పుడు వెతకవలసిన క్రమం ఇది. మొదట ఫోన్లలో వస్తోందా చూడాలి. వాటిలోనూ లేకపోతే రూటరు మీద ఎల్‌ఓఎస్ దీపం చూడాలి. ఎర్రగా ఉంటే ఫైబరు తెగింది. వీధి మొగలో జేసీబీ తవ్వుతుంటే దీపం దాకా పోనక్కర్లేదు. దీపం బాగుంటే ఈ నెల బిల్లు కట్టారా అని ఒకరినొకరు అడగాలి. కట్టారని ఇద్దరూ అంటే ఎవరూ కట్టలేదు. బిల్లూ కడితే రూటరును ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయాలి. ఆపే ముందు ఇంట్లో అందరికీ చెప్పాలి. కోడలు ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు చెప్పకుండా ఆపితే ఎదురయ్యేది సాంకేతిక సమస్య కాదు.

ఫోన్లలో వచ్చి డెస్క్‌టాప్‌లో బ్యాంకు, మెయిల్ వంటి సైట్లు మాత్రం ప్రమాదకరమంటూ తెరుచుకోకపోతే తేదీ చూడాలి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బటన్ బ్యాటరీ ఉంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే అది అయిపోయి, స్విచ్చి ఆపిన ప్రతిసారీ కంప్యూటరు పదేళ్లు పైబడి వెనక్కి వెళ్తుంది. దాని లెక్కలో ఆ సైట్ల భద్రతా పత్రాలకు ఇంకా గడువు మొదలవలేదు. బ్యాటరీ గడియారాల షాపులోనూ దొరుకుతుంది. కొందరు పెద్దలు తేదీని అలాగే ఉంచమంటారు. ఆ ఏడాది రిటైర్ కాలేదు.

కలిసిన నెట్‌వర్కు సొంత ఇంటిదా బయటిదా అని విండోస్ అడిగితే, ప్రింటరు వంటివి పంచుకోవాలనుకునే సొంత ఇంటికి ప్రైవేటు అని, మిగతా చోట్ల పబ్లిక్ అని ఎంచుకోవాలి. ఇంటికి ఎప్పుడూ చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు గనుక పబ్లిక్ అని ఎంచుకున్నవారిని తప్పుపట్టలేం. చుట్టాల కోసం రూటరులో గెస్ట్ నెట్‌వర్కు అని వేరే ఉంటుంది. దానికి వేరే పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. తమకిచ్చినది వేరే పాస్‌వర్డని బావగారికి తెలియకుండా చూసుకోవాలి.

పాస్‌వర్డు మార్చుట, రాసి పెట్టుట

ఫోను నంబరు మార్చి గట్టి పాస్‌వర్డు పెట్టుకోవడం మంచిది. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటే పొడవూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. తెలుగు మాటలైతే స్పెల్లింగు ముందే ఇంట్లో ఒప్పించుకోవాలి. చింతపండులో ‘త’కు హెచ్ ఉందని అమ్మ, లేదని నాన్న, మధ్యలో రెండు ‘ఏ’లని అత్తయ్య అనే ఇంట్లో చింతపండు పాస్‌వర్డుగా పనికిరాదు.

మార్చిన క్షణం నుంచి ఇంట్లోని ప్రతి పరికరమూ బయట పడుతుంది: ఫోన్లు, టీవీ, గేటు దగ్గర కెమెరా. అన్నింటిలోనూ మళ్లీ కొట్టాలి. టీవీలో రిమోటు బాణాలతో ఒక్కొక్క అక్షరం మీదికీ నడుచుకుంటూ వెళ్లాలి కనుక, పాస్‌వర్డు పొడవు 63 దాకా ఉండవచ్చన్న వెసులుబాటును పూర్తిగా వాడుకోవడం మంచిది కాదు. గేటు కెమెరా సంగతి అందరూ మర్చిపోతారు. దాని అవసరం పడిన రోజున గుర్తొస్తుంది.

కొత్త పాస్‌వర్డును కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోవడం తప్పు కాదు. గాల్లోంచి దొంగిలించే వాడికి బీరువా అరలోని కాగితం అందదు. రూటరు మీదే అంటించరాదు, వచ్చిన ప్రతివారూ చదువుతారు. గ్యాస్ పుస్తకంలో పెడితే గ్యాస్ బుకింగు ఫోనులోకి మారినప్పటినుంచి ఆ పుస్తకం ఎక్కడుందో తెలియదు. రేషను కార్డు, కరెంటు బిల్లులు ఉండే కవరు అనువైనది. కాగితం మీద నెట్‌వర్కు పేరు, పాస్‌వర్డు, పెద్ద అక్షరాలేవో చిన్నవేవో స్పష్టంగా రాసి, కింద తేదీ వేయాలి. తేదీ లేకుండా ఇలాంటి కాగితాలు రెండు దొరికితే ఏది కొత్తదో చెప్పడానికి మళ్లీ పక్కింటి పిల్లవాణ్ణే పిలవాలి.